పుల్లీల మీద తుప్పు: ఏది శుభ్రం చేయాలి, ఏది మార్చాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ సింగ్‌నగర్‌లో ఇల్లు, 2015 మోడల్ డీజిల్ కారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు బంపరు దాకా నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక ఆయిళ్లు మార్పించి, లోపలంతా ఎండబెట్టించి నడుపుకున్నారు. ఈమధ్య కొన్ని నెలలు వాడకుండా ఇంటి ముందు కవరు కప్పి వదిలేశారు. ఇప్పుడు బానెట్ ఎత్తితే పుల్లీలన్నీ, అంటే బెల్టు తిరిగే చక్రాలన్నీ, ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. పొద్దున సెల్ఫ్ కొట్టగానే కీచుమని అరుస్తోంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఒక షెడ్డులో పుల్లీలు, డైనమో, బెల్టు అన్నీ మార్చాలన్నారు. పక్కింటాయన స్ప్రే కొడితే పోతుందన్నారు. వచ్చే వారం పిల్లలతో హైదరాబాద్ వెళ్లాలి.

ఈ రెండు సలహాల్లో ఏదీ పాటించకండి. నేను ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ఇంజిన్ పనులు చేస్తున్నాను. వరద తర్వాత మీ కారులాంటి బళ్లు ఇక్కడికి వరసగా వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. వాటిని చూశాక నేను చెప్పగలిగేది ఒకటే. తుప్పు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది చూడాలి. పుల్లీ ముఖం మీద ఎర్రగా ఉంటే భయపడక్కర్లేదు. గాడిలో ఉంటే బెల్టును తినేస్తుంది. బేరింగులో, అంటే పుల్లీ తేలిగ్గా తిరగడానికి మధ్యలో ఉండే గోళీల రింగులో, ఉంటే ఒక రోజు దారిలో ఆపేస్తుంది. బానెట్ ఎత్తగానే కళ్లకు కనిపించేది ముఖం మీది తుప్పే కాబట్టి, అందరూ దాన్ని చూసే కంగారుపడతారు, దాన్నే గీకించుకుని ఊరుకుంటారు.

గాడిలో తుప్పు ఎందుకు ప్రమాదమో ముందు చెప్తాను. మీ కారుకు ఉన్నది పాత అంబాసిడర్ రోజుల ఫ్యాన్ బెల్టు కాదు. వెడల్పుగా, పలచగా, లోపలి వైపు పొడవునా సన్నని గట్లు, అంటే రిబ్బులు, ఉండే బెల్టు. వీపు మీద 6పీకే1200 లాంటి నంబరు ఉంటుంది. 6 అంటే ఆరు రిబ్బులు, పీకే అంటే ఆ రిబ్బు కొలత, చివర ఉన్న సంఖ్య మిల్లీమీటర్లలో పొడవు. ఒక రిబ్బుకీ పక్క రిబ్బుకీ మధ్య దూరం 3.56 మిల్లీమీటర్లే. అంత సన్నని రిబ్బు పుల్లీ గాడిలో దిగి, రెండు పక్క గోడలనూ ఒరుసుకుని పట్టు తెచ్చుకుంటుంది. రిబ్బు కొన గాడి అడుగుకు ఆనకూడదు, పట్టంతా పక్క గోడల మీదే ఉండాలి. ఇప్పుడు ఆ గోడల మీద తుప్పు పొక్కులు ఉన్నాయనుకోండి. ఇంజిన్ ఐడిల్‌లోనే, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడే, నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ఆ పొక్కులు రిబ్బును ఎమరీ పేపరులా రాపాడిస్తుంటాయి. రిబ్బు అరిగిన కొద్దీ గాడిలోకి ఇంకా కిందికి దిగుతుంది, చివరికి కొన అడుగుకు తగులుతుంది. అప్పుడు గోడల మీద పట్టు పోయి బెల్టు జారడం మొదలుపెడుతుంది. జారితే వేడి, వేడికి రిబ్బు నున్నగా అద్దంలా మెరుస్తుంది, మెరిస్తే ఇంకా జారుతుంది. ఏసీ వేసినప్పుడు అరుపు పెరగడానికి కారణం ఇదే. కంప్రెసర్ లోడు పడగానే ఆ మిగిలిన కొద్ది పట్టు కూడా చాలడం లేదు.

అందుకే తుప్పు పట్టిన గాడుల మీద కొత్త బెల్టు వేయించుకోవడం డబ్బు పారేసుకోవడమే. వేసిన రోజు ఎంతో నిశ్శబ్దంగా ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లకు మళ్లీ అరుపు. "కొత్త బెల్టు కూడా డూప్లికేటు ఇచ్చాడు" అని షాపువాణ్ణి తిట్టుకుంటారు. బెల్టు మంచిదే, పుల్లీయే దాన్ని కోసేసింది.

ఇక స్ప్రే సంగతి. డబ్ల్యూడీ-40 గానీ, సైకిల్ చెయినుకు వేసే నూనె గానీ, బెల్టు అరుపు ఆపుతుందని డబ్బాల్లో అమ్మే జిగురు మందు గానీ బెల్టు మీద కొట్టకండి. దయచేసి కొట్టకండి. ఇప్పటి బెల్టులు ఈపీడీఎమ్ అనే రబ్బరుతో వస్తాయి. ఆ రబ్బరుకు ఎండ, వేడి తట్టుకునే శక్తి చాలా ఎక్కువ. కానీ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. స్ప్రే కొట్టిన రోజు అరుపు ఆగేది నూనె తడికే. మర్నాటికి ఆ నూనె మీద దుమ్ము పట్టి, తుప్పు పొడి కలిసి, గాడుల్లో ముద్ద కడుతుంది. పైగా ఆ నూనె బేరింగు సీలులోకి చొరబడితే లోపలి గ్రీజును కరిగించి బయటికి తెస్తుంది. అంతవరకు బాగున్న బేరింగును మన చేతులారా చంపుకున్నట్టే.

ఇంకో మాట. బెల్టు మీద పగుళ్లు లేవు కాబట్టి బాగానే ఉందనుకోకండి. పాతకాలం నియోప్రిన్ బెల్టులు ముసలివైతే అడ్డంగా చీలికలు చూపించేవి. ఈపీడీఎమ్ అలా చూపించదు, టైరులా అరుగుతుంది. చీలిక ఒక్కటీ ఉండదు, రిబ్బులు మాత్రం సగం పోయి ఉంటాయి. కొత్త బెల్టు ముక్కను పక్కన పెట్టి రిబ్బుల మధ్య లోయ ఆకారం పోల్చండి. కొత్తదానిలో లోయ వి ఆకారంలో సన్నగా ఉంటుంది, అరిగినదానిలో యు ఆకారంలో వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది.

ఇప్పుడు మీ కారులో ఏం జరుగుతోందో ఇంటి దగ్గరే కొంత తెలుసుకోవచ్చు. ఒక స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసుకోండి. ఇంజిన్ ఆన్ చేసి, అరుస్తున్నప్పుడు, దూరం నుంచే బెల్టు రిబ్బుల వైపు కొద్దిగా నీళ్లు చిమ్మండి. చేతులు, చొక్కా చివర, లుంగీ, చున్నీ ఏదీ బెల్టు దగ్గరికి పోకూడదు. నీళ్లు పడగానే అరుపు ఇంకా పెరిగితే బెల్టు జారుతోందని అర్థం: టెన్షన్ తగ్గి ఉండొచ్చు, బెల్టు అరిగి ఉండొచ్చు. నీళ్లు పడగానే ఆగి, కొన్ని సెకన్లలో మళ్లీ పిచ్చుక కూసినట్టు మొదలైతే పుల్లీలు ఒక వరసలో లేవని అర్థం. నీళ్లకు ఏ మార్పూ లేకుండా గుర్రుమనే శబ్దం అలాగే సాగితే బెల్టు జోలికి వెళ్లకండి, అది బేరింగు. మీరు చెప్పిన లక్షణాలు, అంటే పొద్దున్నే కీచుమనడం, ఏసీకి పెరగడం, చూస్తే మొదటి రకమే అనిపిస్తోంది. అయినా నీళ్లతో ఒకసారి చూసుకుంటే షెడ్డులో మాట్లాడేటప్పుడు మీకు ధైర్యంగా ఉంటుంది.

ఏసీ పుల్లీ విషయంలో చాలామంది పొరబడతారు. ఏసీ ఆపేసినా ఆ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, ఆగేది ముందున్న క్లచ్ పలక ఒక్కటే. కాబట్టి ఏసీ ఆపినప్పుడు గురగుర వచ్చి, వేయగానే తగ్గితే పుల్లీ బేరింగు పోయింది. ఏసీ వేస్తేనే శబ్దం వస్తే కంప్రెసర్ లోపలో, లేదా బెల్టు జారడమో. పుల్లీ బేరింగు పోయినంత మాత్రాన కంప్రెసర్ మొత్తం మార్చక్కర్లేదు. గ్యాసు కూడా తీయకుండానే చాలా కార్లలో బేరింగు ఒక్కటీ మార్చవచ్చు. ఈ సంగతి తెలియక కంప్రెసర్ కొనుక్కున్నవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

సరే, బెల్టు విప్పాల్సిన పని. ఇది మీరు చేసుకోగలరా, మెకానిక్ దగ్గర నిలబడి చేయించుకుంటారా అన్నది మీ ఇష్టం. నేనైతే మెకానిక్ దగ్గరే చేయించుకుని, పక్కన నిలబడి చూడమంటాను. ఎవరు చేసినా వరస ఇదే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం జేబులో పెట్టుకుని, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. డైనమో వెనక మందపాటి తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, పానా తగిలితే నిప్పులు కక్కుతుంది. రేడియేటర్ ఫ్యాన్ కూడా కొన్ని కార్లలో తాళం తీశాక తిరుగుతుంది. తర్వాత బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళ్తోందో ఫోనులో ఫొటో తీసుకోండి. విప్పాక గుర్తుండదు. పాత బెల్టే మళ్లీ వేసే ఉద్దేశం ఉంటే అది తిరిగే దిక్కు సుద్దముక్కతో బాణం గుర్తు వేయండి.

బెల్టు తీసే ముందు అది ఏ రకమో తెలియాలి. స్ప్రింగు టెన్షనర్, అంటే బెల్టును ఎప్పుడూ బిగువుగా లాగి ఉంచే పుల్లీ ఉన్న చేయి, ఉంటే రింగు పానాతో ఆ చేయిని తిప్పి బెల్టు వదులు చేస్తారు. కొన్ని కార్లలో బోల్టు తిప్పి బిగించే రకం. ఇంకొన్నిట్లో, ముఖ్యంగా ఏసీకి విడిగా బెల్టు ఉన్న చిన్న కార్లలో, టెన్షనరే ఉండదు. బెల్టే సాగే రకం. దాన్ని ఒకసారి తీస్తే మళ్లీ వేయకూడదు. కోసి తీసేసి, కొత్తది దాని పనిముట్టుతో ఎక్కించాలి. స్క్రూడ్రైవరు పెట్టి పొడిచి ఎక్కిస్తుంటే ఆపమని చెప్పండి. లోపలి దారాలు తెగుతాయి, పైకి కనబడదు.

బెల్టు బయటికి వచ్చాక అసలు పరీక్ష. ఒక్కో పుల్లీనీ చేత్తో తిప్పండి. మెత్తగా, చప్పుడు లేకుండా తిరగాలి. గరగరమన్నా, ఒకచోట పట్టినట్టు అనిపించినా లోపల తుప్పు ఉంది. గాలిపంకాలా ఎక్కువసేపు తేలిగ్గా తిరుగుతూ ఉండిపోయినా సంతోషపడకండి, గ్రీజు పోయిందన్నమాట. అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపండి, వదులుగా ఊగకూడదు. బేరింగు చుట్టూ ఇటుకపొడి రంగులో సన్నని పొడి కనిపిస్తే ఆ బేరింగు పని అయిపోయినట్టే.

వరద నీళ్లలో మునిగిన కారుకు ఈ పరీక్ష మిగతా అన్నిటికంటే ముఖ్యం. బుడమేరు నీళ్లు ఒట్టి వాన నీళ్లు కావు. డ్రైనేజీ, మట్టి, సన్నని ఒండ్రు కలిసినవి. ఆ నీళ్లు రోజుల తరబడి నిలిచినప్పుడు బేరింగు రబ్బరు సీలు అంచు నుంచి తడి లోపలికి వెళ్తుంది. గ్రీజు ఉన్నంతకాలం బేరింగు బాగానే తిరుగుతుంది. ఆ గ్రీజు ఎండి, కారు నెలలు కదలకుండా ఉండి, గోళీలు ఒకేచోట ఆని ఉంటే అక్కడే తుప్పు గుంట పడుతుంది. అందుకే వరద తర్వాత బాగా నడిచిన కారు ఇన్నాళ్లకు అరుస్తోంది. కొత్తగా ఏదో చెడిందని కాదు, అప్పటి తడి ఇప్పుడు బయటపడింది.

మంచి కబురు ఏమిటంటే, ఐడ్లర్ పుల్లీ, అంటే దేన్నీ తిప్పకుండా బెల్టుకు దారి చూపే పుల్లీ, బేరింగు పోతే పుల్లీ మొత్తం కొనే అవసరం చాలాసార్లు ఉండదు. బేరింగు అంచు మీద 6203 లాంటి నంబరు చెక్కి ఉంటుంది. 6203 అంటే లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. ఈ కొలత బేరింగు ఆటోనగర్‌లో ఏ బేరింగు షాపులోనైనా దొరుకుతుంది, గుంటూరులోనూ దొరుకుతుంది. నంబరు పక్కన 2ఆర్ఎస్ అని ఉన్నది అడగండి. అంటే రెండు వైపులా రబ్బరు సీలు. జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత. అది దుమ్మును ఆపుతుంది గానీ నీటిని ఆపదు. మన ఊళ్లో వానాకాలం నీళ్లు నిలిచే రోడ్లకు రబ్బరు సీలే సరి. ఇక పాత బేరింగును సుత్తితో కొట్టి తీసి, కొత్తదాన్ని సుత్తితోనే కొట్టి దించుతుంటే ఒప్పుకోకండి. ప్రెస్సు మీద, బయటి రింగు మీద మాత్రమే ఒత్తిడి పడేలా ఎక్కించాలి. లోపలి రింగు మీద ఒత్తితే గోళీల మీద బరువు పడి కొత్త బేరింగే గుర్రుమంటుంది. ఐడ్లర్ ప్లాస్టిక్‌ది అయితే, ఉపరితలం గీతలు పడి ఉంటే మొత్తం మార్చేయడమే మేలు.

టెన్షనర్‌కు పుల్లీ బేరింగుతో పాటు ఇంకో బలహీనత ఉంది. దాని చేయి తిరిగే ఇరుసు. లోపల స్ప్రింగు, ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోతే, చేయి కదలదు, బెల్టు వదులైనా దాన్ని లాగిపట్టదు. పానా పెట్టి చేయిని మెల్లగా తిప్పి వదలండి. ఎక్కడా ఆగకుండా ఒకే బలంతో వెనక్కి రావాలి. కిరకిరలాడుతూ అంచెలంచెలుగా వస్తే అది మార్చాల్సిందే. నూనె పోసి పని కానిచ్చే ప్రయత్నం చేయకండి. మీ కారులో నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. బంపరు దాకా నీళ్లంటే టెన్షనర్ పూర్తిగా మునిగే ఉంటుంది.

డైనమో పుల్లీ దగ్గర ఇంకో సూక్ష్మం. చాలా డీజిల్ కార్లలో ఆ పుల్లీ లోపల ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటుంది. డీజిల్ ఇంజిన్ తిరుగుడులో కుదుపు ఎక్కువ కాబట్టి, ఆ కుదుపు డైనమోకు తగలకుండా, బెల్టు అదరకుండా చూడటానికి పెట్టారు. ముందు ఒక నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది. ఆ మూత పోతే నీళ్లు నేరుగా లోపలికి వెళ్తాయి. డైనమో విప్పినప్పుడు పారేసి, మళ్లీ పెట్టని పనివాళ్లు ఎక్కువ. మూత ఉందో లేదో చూసుకోండి. డైనమోను పట్టుకుని పుల్లీని తిప్పితే ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు డైనమో లోపలి భాగాన్ని తనతో లాక్కుపోవాలి. రెండువైపులా పట్టేస్తే క్లచ్ తుప్పుకు బిగుసుకుంది, రెండువైపులా వట్టిగా తిరిగితే జారిపోతోంది. ఎలా ఉన్నా మార్చాల్సింది పుల్లీయే, డైనమో కాదు. డైనమో బాగుందో లేదో చార్జింగు చూస్తే తెలుస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి. అది సరిగా ఉండి, చేత్తో తిప్పినప్పుడు బేరింగులు మెత్తగా ఉంటే, డైనమో మార్చమన్న మాటకు కారణం అడగండి. డైనమో బేరింగులు పోయినా వాటిని వేసే ఎలక్ట్రీషియన్లు మన దగ్గర బాగా ఉన్నారు.

అన్నిటికంటే కింద, అన్నిటికంటే పెద్దది క్రాంకు పుల్లీ. ఇంజిన్ నేరుగా తిప్పేది దీన్నే, మిగతావాటిని ఇది బెల్టుతో తిప్పుతుంది. ఇది ఒకే ఇనుప ముక్క కాదు. లోపలి బొడ్డు, బయటి రింగు, వాటి మధ్య అతికించిన రబ్బరు. ఇంజిన్ కుదుపును ఆ రబ్బరు మింగుతుంది. రబ్బరు అంచున తుప్పు పెరిగితే అతుకు ఊడుతుంది, బయటి రింగు మెల్లగా జారడం మొదలవుతుంది. దీన్ని కనిపెట్టడానికి తేలికైన ఉపాయం ఉంది. బొడ్డు మీద, రబ్బరు మీద, బయటి రింగు మీద కలిపి తెల్ల పెయింటుతో ఒకే గీత గీయండి. కొన్ని రోజులు నడిపాక చూడండి. గీత విరిగి రెండు ముక్కలు పక్కకు జరిగి ఉంటే ఆ పుల్లీ వదిలేసినట్టే. ఐడిల్‌లో పక్క నుంచి చూసినా అంచు ఊగుతూ కనిపిస్తుంది. దీనికి అతుకులు, లేత్ పనులు చేయించకండి. కొత్తదే వేయాలి, బోల్టు కంపెనీ చెప్పిన బిగింపుతో బిగించాలి.

బేరింగులన్నీ చూశాక తుప్పు శుభ్రం చేయడం. ముందుగా ఒండ్రు మట్టి పోవాలి. సబ్బు నీళ్లు, పాత పళ్ల బ్రష్షుతో గాడుల్లో తోమి ఆరనివ్వండి. మట్టి మీదే ఎమరీ రుద్దితే ఆ ఇసుకే గాడిలో గీతలు పెడుతుంది. ఆరాక ఇత్తడి వైరు బ్రష్షుతో గాడి వెంట, అంటే పుల్లీ తిరిగే దిక్కులోనే, రుద్దాలి. పైపై తుప్పు దీనికే పోతుంది. మిగిలితే 320 లేదా 400 నంబరు ఎమరీ పేపరును మడిచి, గాడి గోడకు ఆనేలా పెట్టి, చేత్తోనే తేలిగ్గా రుద్దండి. గ్రైండరు పెట్టకూడదు. డ్రిల్లుకు తగిలించే ఉక్కు బ్రష్షు కూడా వద్దు. గాడి కొలత మారితే రిబ్బు దిగాల్సిన చోట దిగదు. ఇంజిన్ ఆన్ చేసి, తిరుగుతున్న పుల్లీకి ఎమరీ ఆనించి పట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. నిమిషంలో మెరిసిపోతుంది, నిజమే. అలా చేస్తూ వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మీ కుర్రాళ్లను గానీ షెడ్డులో కుర్రాళ్లను గానీ అలా చేయనివ్వకండి.

గీకాక పొడి అంతా గుడ్డతో తుడిచి, మరో గుడ్డను బ్రేక్ క్లీనరుతో తడిపి గాడులు తుడవండి. డబ్బాతో నేరుగా పుల్లీ మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టుకోవాలి, బేరింగు సీలులోకి పోకుండా. ఇప్పుడు ఒక పాత నూలు గుడ్డ ముక్కను గాడుల వెంట లాగండి. ఎక్కడా పట్టుకోకుండా జారితే గాడి బాగున్నట్టు. దారాలు తగులుకుంటే అక్కడ గుంట గానీ పదునైన అంచు గానీ ఉంది. రంగు నల్లగా, మచ్చలుగా మిగిలినా పర్వాలేదు, గోరు పెట్టి లాగితే గుంట తెలుస్తుంటే మాత్రం పుల్లీ మార్చాలి. రేకు ఒత్తి చేసిన వాటర్ పంపు పుల్లీలు పలచన కాబట్టి వాటిలో ఈ గుంటలు ముందు వస్తాయి. అది చవక సామాను, గీకుతూ కూర్చోకుండా మార్చేయండి.

గాడుల్లో పెయింటు వేయకూడదు. ప్రైమరు వద్దు, గ్రీజు వద్దు, తుప్పును నల్లగా మార్చే ఆసిడ్ మందు వద్దు. అవన్నీ ముఖం మీద, బొడ్డు మీద వేసుకోవచ్చు, పలచగా. గాడి వట్టి ఇనుముగానే ఉండాలి. కారు రోజూ తిరిగితే బెల్టే దాన్ని మెరిసేలా ఉంచుతుంది.

వరస తప్పడం గురించి ఒక్క మాట. బేరింగులు మార్చి, డైనమో విప్పి బిగించాక పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో నిటారైన స్కేలు ఆనించి చూడాలి. ఒక డిగ్రీ పక్కకు పోయిందంటే వంద మిల్లీమీటర్ల దూరంలో ఒకటి ముప్పావు మిల్లీమీటరు తేడా. అంత తేడా చాలు, బెల్టు పిచ్చుకలా కూస్తూ ఒక అంచు నుంచి దారాలు వదలడానికి. డైనమో కింద ఉండే వాషరు ఒకటి మర్చిపోయి బిగించినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా. మీ కారుకు నేను చేయించేది: కొత్త బెల్టు, కొత్త టెన్షనర్, ఐడ్లర్ బేరింగు. ఈ మూడూ వరద తిన్న కారుకు ఎలాగూ కావాలి, బెల్టు విప్పిన చేత్తోనే వేస్తే కూలీ ఒకసారే. క్రాంకు పుల్లీ, డైనమో పుల్లీ, ఏసీ పుల్లీ గాడులు చేత్తో శుభ్రం చేయించి, పైన చెప్పిన పరీక్షలు చేసి, తేలినదే మార్చడం. అన్నీ మార్చాలన్న షెడ్డువాళ్లను తప్పుపట్టడం లేదు. వరద కారు అంటే వాళ్లకూ భయమే, రేపు మళ్లీ వస్తే మాట పడాలి. కానీ "ఒక్కో పుల్లీ నా ముందు తిప్పి చూపించండి, గరగరమన్నదే మార్చండి" అని మీరు మర్యాదగా అడగొచ్చు. పనివాడు మంచివాడైతే సంతోషంగా చూపిస్తాడు. బెల్టు గేట్స్, కాంటిటెక్ లాంటి పేరున్నది, లేదా కారు కంపెనీది తీసుకోండి. వీపు మీద నంబరు చెరిగిపోయినట్టు ఉన్నా, ప్యాకెట్టు మీద నంబరూ బెల్టు మీద నంబరూ కలవకపోయినా తీసుకోకండి. పొడవులో కొద్ది మిల్లీమీటర్ల తేడా ఉన్నది "సరిపోతుంది" అని ఇస్తే వద్దనండి, టెన్షనర్ చేయి తన హద్దుకు పోయి ఆగిపోతుంది.

హైదరాబాద్ ప్రయాణం ఈ పని అయ్యాకే. అరుస్తున్న బెల్టుతో నందిగామ కూడా దాటకండి. కొన్ని ఇంజిన్లలో వాటర్ పంపు తిరిగేది ఈ బెల్టుతోనే. అది తెగితే కొన్ని నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కి హెడ్డు, అంటే ఇంజిన్ పైభాగం, పోతుంది. బెల్టుకయ్యే ఖర్చుకూ హెడ్డుకయ్యే ఖర్చుకూ పోలికే లేదు. ఇంకొన్ని కార్లలో వాటర్ పంపు టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పేది) మీదో చెయిను మీదో ఉంటుంది, అప్పుడు ఈ బెల్టు తెగినా ఇంజిన్ చల్లగానే ఉంటుంది, చార్జింగు మాత్రం ఆగుతుంది. మీది ఏ రకమో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి. దారిలో ఎప్పుడైనా బ్యాటరీ దీపం వెలిగి, వెంటనే వేడి ముల్లు పైకి లేస్తే అక్కడికక్కడే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ముల్లు కదలకపోతే ఏసీ, లైట్లు, పాటలు అన్నీ ఆపి, పగటిపూట దగ్గర్లోని ఊరిదాకా బ్యాటరీ మీద వెళ్లవచ్చు. ఎలక్ట్రిక్ స్టీరింగు కూడా ఆ బ్యాటరీ నుంచే తింటుంది, బరువెక్కడం మొదలైతే ఆపండి.

టైమింగ్ బెల్టు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. అది వేరు, ఇప్పటిదాకా చెప్పింది వేరు. మీ ఇంజిన్‌కు లోపల చెయిను ఉంటే, ఇంజిన్ ఆయిలు మార్చారు కాబట్టి సరిపోయింది. బెల్టు ఉంటే మాత్రం, వరద తర్వాత ఆ మూత తీసి చూశారో లేదో కనుక్కోండి. ఆ ప్లాస్టిక్ మూత దుమ్మును ఆపుతుంది, నిలిచిన నీటిని ఆపదు. లోపల ఒండ్రు చేరి, టెన్షనర్ బేరింగు తుప్పు పట్టి ఉంటే అది అరవదు. చెప్పకుండా తెగుతుంది, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి. మూత తీయించకపోయి ఉంటే ఈ పనితో పాటే తీయించండి, ప్రయాణానికి ముందే.

ఇకమీదట నెలల తరబడి ఆపాల్సి వస్తే వారానికి ఒకసారి ఎవరిచేతనైనా ఒక ఇరవై నిమిషాలు నడిపించండి. నిలబెట్టి ఐడిల్‌లో వదిలేస్తే సరిపోదు, ఇంజిన్ కింద చేరిన తడి ఆరేంత వేడి రాదు. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు తడిని లోపలే పట్టి ఉంచుతుంది, గుడ్డ కవరు వాడండి. వాటర్ సర్వీసింగులో ప్రెషరు గొట్టం పుల్లీల మీదికి పెట్టవద్దని ముందే చెప్పండి. వానల్లో గుంటూరు మూడు వంతెనల దగ్గరో, మన రైల్వే అండర్‌పాసుల్లోనో నీళ్లలోంచి వచ్చాక కొద్దిసేపు బెల్టు కీచుమనడం మామూలే. మర్నాడు పొద్దున పొడిగా ఉన్నప్పుడు కూడా అరిస్తే అప్పుడు చూపించాలి.

కొత్త బెల్టు వేశాక ఒక అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక బానెట్ ఎత్తి రెండు చూడండి. క్రాంకు పుల్లీ మీద గీసిన తెల్ల గీత నిటారుగా ఉందా, పుల్లీల చుట్టూ ఎర్ర పొడి గానీ నల్ల పొడి గానీ రాలుతోందా. నల్ల పొడి ఎక్కువగా ఉంటే గాడి ఇంకా కోస్తోంది, ఎర్ర పొడి ఉంటే ఏదో బేరింగు మిగిలిపోయింది. ఆ పొడి ఎక్కడ కనిపించిందో ఫొటో తీసి పెట్టండి, ఏ పుల్లీనో నేను చెప్తాను.